అయిదు దాకా లెక్కపెట్టే మనిషి

"మైకుసెట్టాయన పోయినాడంట గదక్కా, నీకు తెలీదా?" అని ధర్మవరం బస్టాండులో ఒకతను అడిగాడు. మా వీధిలో మగ్గాలకు జాకార్డు అట్టలు, అంటే డిజైను ప్రకారం చిల్లులు పొడిచిన అట్టలు, కొట్టేవాడు అతను. అప్పటికి పదకొండు రోజులైందట. నేను హిందూపురంలో చెల్లెలి ఇంట్లో నెల రోజులుండి అప్పుడే బస్సు దిగాను.

ఇంటికి నడుస్తుంటే ఆయన ముఖం కంటే ముందు నాకు ఆయన చూపుడు వేలు గుర్తొచ్చింది. వేలి కొన కాదు. గోటి వెనక, మొదటి కణుపు దాకా ఉండే ఆ కాస్త చోటు. ఆయన ప్రపంచాన్నంతా దానితోనే తాకి చూసేవాడు. ఆంప్లిఫయరు మీద, మోటారు మీద, టీ గ్లాసు మీద, ఎండలో నిలబెట్టిన మోపెడ్ సీటు మీద, జ్వరమొచ్చిన పక్కింటి పాప నుదుటి మీద, అన్నిటి మీదా ఆ వేలి వెనక భాగమే ఆనించేవాడు.

"వేలి కొన అబద్ధం చెప్తాదిమా. పనిజేసి పనిజేసి మొద్దుబారింటాది. ఈ పక్క తోలు మెత్తగుంటాది. ఇది నిజం చెప్తాది" అనేవాడు.

వేలు ఆనించి పెదాలతో లెక్కపెట్టేవాడు. అయిదు దాకా ఆనించి ఉంచగలిగితే ఆ వస్తువు బాగున్నట్టు. మూడుకే వేలు తీస్తే దాని సంగతి చూడాలి. రెండు కూడా అనకుండా తీసేశాడంటే ఇక మాట్లాడేవాడు కాదు. స్టూలు లాక్కుని కూర్చునేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిచినవాళ్లు ఊళ్లో పెద్దగా లేరు కూడా. జాతర్లకూ పెళ్లిళ్లకూ ఎన్నికలకూ మైకుసెట్లు అద్దెకిచ్చి, చెడిపోతే తనే బాగుచేసుకునేవాడు కాబట్టి అందరికీ మైకుసెట్టాయన. నాకు పరిచయమయ్యేనాటికి ఆ వ్యాపారం పోయింది. అంగట్లో దూలానికి వేలాడే ఇత్తడి రంగు హారన్లు మాత్రం మిగిలాయి. గోడ పొడుగునా పాత ఆంప్లిఫయర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. తొంభైల చివర్లో ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చాయి. మొదటి ఎండాకాలానికే ఒక శిక్షణ కేంద్రంలో నాలుగు ఆగిపోతే, అనంతపురం నుంచి మెకానిక్కు వచ్చేలోపు ఈయన పోయి మూతలు తీశాడు. కంప్యూటరు గురించి అప్పటికి ఆయనకు ఏమీ తెలియదు. ఏది కాలుతోందో మాత్రం తెలిసింది. నాలుగింటిలో మూడు ఆ సాయంత్రానికే పనిచేశాయట.

"అన్నీ ఒగటేమా. కరెంటు పోయే చోట వేడి పుడతాది. పుట్టిన వేడి యాడికన్నా పోవల్ల. దానికి దోవ ఇచ్చేదే మన పని" అన్నాడు, అదెలా చేశావన్నా అని నేనడిగితే.

నాది డిజైన్ల పని. మా నాయన గళ్ల కాగితం మీద పెన్సిలుతో పట్టుచీరల కొంగులు గీసేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. నేను ఆయన పక్కన కూర్చుని గళ్లు నింపుతూ నేర్చుకున్నాను. నాయన పోయాక, రెండు వేల సంవత్సరం దాటిన రోజుల్లో, ధైర్యం చేసి ఒక కంప్యూటరు కొన్నాను. పెద్ద డిజైను మొత్తం ఒకేసారి రంగుల్లో కనపడాలని విడిగా ఒక డిస్‌ప్లే కార్డు కూడా వేయించాను. ఊళ్లో ఆడమనిషి ఆ పని చేయడం కొత్త. "ఆయమ్మ మిషన్ ముందర కూసోని బొమ్మలు గీస్తాదంట" అని చూడటానికి వచ్చేవాళ్లు.

నేను పనిచేసే గదికి రేకుల కప్పు. వానలు ఎగ్గొట్టిన ఏళ్లవి. మార్చి నెలకే పైనుంచి నిప్పు పోసినట్టుండేది. కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టి, కంప్యూటరు పెట్టె పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాను దానికి పెట్టి, నేను చెమటలో కూర్చునేదాన్ని.

ఆ ఎండాకాలం ఒక షావుకారు కొంగు డిజైను అడిగాడు. కొంగు నిండా ఒకటే బొమ్మ. పదకొండు హంసలు వరుసగా పోతుంటాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి తల వంచుతుంది, ఒకటి వెనక్కి చూస్తుంది. మా నాయన ఉంటే చూసి మురిసిపోయేవాడు అనిపించేంత ఇష్టంగా గీశాను.

మధ్యాహ్నాలు తెర మీద చిన్న చుక్కలు కనపడేవి. ఆకుపచ్చవి, ఊదారంగువి, అక్కడొకటి ఇక్కడొకటి. చెయ్యి జారి నేనే ఎక్కడో నొక్కాననుకున్నాను. చుక్క కనపడిన చోటల్లా బొమ్మ వెనకుండే నేల రంగు పెట్టి తుడిచేశాను. పని ముగించి గళ్ల కాగితం మీద అచ్చు తీసి ఇచ్చేశాను. దాన్ని చూసి అట్టలు కొట్టారు. ఆ అట్టలు నారాయణప్ప మగ్గానికి ఎక్కాయి.

నారాయణప్పకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. మా నాయన గీసిన కొంగులన్నీ నేసింది ఆయనే. ఆయన నేతలో తప్పు వెతకడానికి షావుకార్లు భూతద్దం తెచ్చుకునేవాళ్లని ఊళ్లో నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. అలాంటి మనిషి నేసిన హంసల చీర చెడిపోయింది. నాలుగో హంసకు ముక్కు లేదు. ఏడోదానికి మెడ నడుమ తెగి ఉంది. తొమ్మిదోదానికి కన్నే లేదు. పదకొండూ ఒకేలా చెడితే అట్టలను అనుమానించేవాళ్లు. మూడు మాత్రమే, అదీ మూడు రకాలుగా చెడేసరికి, పోగులు తెగినా చూసుకోలేదని షావుకారు తేల్చేశాడు. అట్టలు దింపేసి, నారాయణప్పకు చిన్న పువ్వు బుటా కూడా లేని సాదా చీరలు ఇచ్చాడు.

ఒకరోజు నారాయణప్ప నా దగ్గరికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"పాపా, అనంతపురంలో కండ్ల డాకటరు ఎవురన్నా తెలుసునా నీకు?"

"ఎవరికి నారాయణప్పా?"

"నాకే. కండ్లు పోతాండాయేమో. నేసేటప్పుడు అంతా సరింగనే కనిపించె. దించి సూస్తే హంసకు ముక్కు ల్యా." కాసేపు తన చేతులే చూసుకున్నాడు. "కండ్లు లేకపోతే నేనేం జేసేది పాపా? నాకు ఇంగో పని రాదు."

నేను జాలిపడ్డాను. డాక్టరు పేరు కనుక్కుంటానన్నాను. ఒట్టు, నాకు అప్పటికి ఏ అనుమానమూ రాలేదు.

చుక్కలు మాత్రం రోజురోజుకూ ఎక్కువయ్యాయి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తెరంతా గీతలు పడి బిగుసుకుపోయింది. పెట్టెను ఆటోలో వేసుకుని మైకుసెట్టాయన అంగడికి పోయాను.

"ఏంమా, ఏమయింది దీనికి?"

"మధ్యాన్నం అయితే సాలన్నా, రంగురంగుల చుక్కలు వస్తాండాయి."

"పొద్దున?"

"పొద్దున బాగనే ఉంటాది."

"అట్లయితే ఇది మిషన్ రోగం కాదు, ఎండ రోగం." పెట్టె తెరిచి లోపల పేరుకున్న ఎర్రమన్ను చూసి నా వైపు కోపంగా చూశాడు. "ఫ్యాను పెట్టినావు గదా? మన ఊర్లో గాలి పెట్టినామంటే మన్ను గూడా పెట్టినట్టే." కుంచెతో మన్నంతా దులిపి, కరెంటు ఇచ్చి, అరగంట ఆగి, కార్డు మీద వేలు ఆనించాడు. కార్డు నడుమ పెద్ద చిప్పు, దానికి చిన్న ఫ్యాను. అక్కడ అయిదు దాకా లెక్కపెట్టాడు. దాని చుట్టూ బొటనవేలి గోరంత ఉండే నల్లటి చిప్పులు ఎనిమిది. వాటి మీద ఏమీ లేదు. వేలు పెట్టాడు. ఒకటి కూడా అనలేదు.

"నువ్వు పెట్టి సూడు."

పెట్టాను. చురుక్కుమంది.

"సూసినావా వీళ్ల న్యాయం? పెద్దాయనకు ఫ్యాను పెట్టినారు. కష్టపడే కూలోళ్లను ఎనిమిదిమందిని ఎండలో నిలబెట్టినారు. నువ్వు గీసిందంతా తెర మిందికి పోయే ముందర వీళ్లే జ్ఞాపకం పెట్టుకోవల్ల. ఎండకు తల తిరిగితే ఏం జేస్తారు? ఒగ రంగు ఇయ్యమంటే ఇంగో రంగు ఇస్తారు. అవే నీ చుక్కలు."

"అంటే డిజైన్లో చుక్కలు ల్యావా?"

"డిజైన్లో యాడుంటాయి? అది వేరే చోట పదిలంగా ఉంటాది. చుక్కలు తెర మింద మాత్రమే."

"అన్నా, నేను వాటిని తుడిచేసినా" అన్నాను.

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. కంప్యూటరు ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేసి, నేను తుడిచిన డిజైనును తెరవమన్నాడు. తెరిచాను. ఒక్క చుక్క కూడా లేదు. చుక్క ఉందనుకుని నేను తుడిచిన ప్రతి చోటా అసలు బొమ్మే పోయి ఉంది. నాలుగో హంస ముక్కు మూడు గళ్లు. ఆ మూడూ లేవు.

నారాయణప్ప సంగతి మొత్తం చెప్పాను. చెప్పి, చిప్పులకు ఏదో ఒకటి చేసి బాగుచెయ్యమన్నాను. ఆయన గోడ పక్కనున్న ఆంప్లిఫయర్ల వైపు చూశాడు. వాటి వెనక అల్యూమినియం దిమ్మెలు దువ్వెన పళ్లలా నిలబడి ఉన్నాయి.

"చేస్తా. ఒగ దినం పని. దాంట్లోనించి ఎనిమిది ముక్కలు కోసి ఈ చిప్పులకు అంటిస్తే వేడి రెక్కల్లోకి ఎక్కి గాలిలో కలిసిపోతాది. చుక్కలు రావు." నా వైపు తిరిగాడు. "చుక్కలు రాకపోతే ఆయప్పకు ఏం సూపిస్తావు?"

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఆడమనిషి కంప్యూటరుతో పట్టుచీర చెడగొట్టిందంటే ఇక ఏ షావుకారూ నాకు డిజైను ఇవ్వడు. బాగుచేయించుకుని, తప్పులు సరిదిద్ది, ఎవరికీ చెప్పకుండా కొత్త అట్టలు కొట్టిస్తే సరిపోతుందని ఆ రెండు నిమిషాల్లో నా మనసు దారులు వెతికింది. ఆయన అవన్నీ నా ముఖంలో చూసే ఉంటాడు. తిట్టలేదు. నీతులు చెప్పలేదు.

"నువ్వు ఎప్పుడు చెప్తే అప్పుడు అంటిస్తా" అని పెట్టె మూత బిగించి ఇచ్చేశాడు.

మరుసటి రోజు పొద్దున నేనే పోయి, "నారాయణప్ప ఇంటికి నువ్వు గూడా రావల్లన్నా. నాకు చెప్పేదానికి చేతగాదు" అన్నాను.

అంగడి మూసి వచ్చాడు. ఆటోలో పరుపు పరిచి దాని మీద పెట్టె, తెర పెట్టుకుని పోయాం. నారాయణప్ప భార్య మజ్జిగ ఇచ్చింది. ఎవరో చనిపోయినప్పుడు వచ్చినవాళ్లను చూసినట్టు చూసింది మమ్మల్ని. కరెంటు రెండింటికి గాని రాలేదు. వచ్చాక మగ్గం పక్కనే నేల మీద అన్నీ అమర్చి హంసలు తెరిచాను. చుక్కలు ఇంకా లేవు.

నారాయణప్ప చాప మీద గొంతుక్కూర్చుని తెరకు దగ్గరగా వంగాడు. నేను ఏమీ చెప్పకముందే ఆయన వేలు నాలుగో హంస మీదికి పోయింది.

"ముక్కు" అన్నాడు.

ఏడోదాని మెడ. తొమ్మిదోదాని కన్ను. చూడకుండానే చెప్పగలిగేంతగా కంఠతా వచ్చేశాయి ఆయనకు ఆ తప్పులు.

"ఇది నువ్వు గీసిన బొమ్మేనా పాపా?"

"నేను గీసిందే నారాయణప్పా. నేనే చెడగొట్టినా."

అప్పుడు మైకుసెట్టాయన మాట్లాడాడు. "ఇంగ సూడప్పా, ఎట్ల చెడగొట్టిందో. తొందరపడద్దు. ఎండ పని జేయనీ."

ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. అలా అరగంట గడిచింది. మొదట రెండో హంస రెక్క మీద ఆకుపచ్చ చుక్క ఒకటి మెరిసింది. తర్వాత అయిదోదాని కాలి దగ్గర ఊదారంగుది. తర్వాత బియ్యం చల్లినట్టు తెరంతా. ఆయన నారాయణప్ప వేలు పట్టుకుని తెర వెనక పెట్టెలోకి తీసుకుపోయి చిప్పుకు ఆనించాడు. నారాయణప్ప ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"ఈ కాలినోడు చుక్కలు వేసినాడు. ఈ పాప పాపం నిజమనుకోని తుడిచింది. తుడిచిన చోట ఉన్న ముక్కు పాయె. అట్టలు అట్లనే కొట్టిరి. నువ్వు అట్టలు చెప్పినట్ల నేసినావు. ఒగ పోగు గూడా తప్పు నేయలేదు నువ్వు."

"అంటే నా కండ్లు బాగుండాయా?"

"బాగుండాయి."

"నిజంగనా?"

"కండ్లు బాగలేకపోతే ఇంత సన్న చుక్క ఎట్ల కనిపించె నీకు?"

నారాయణప్ప మూడోసారి అదే నా వైపు తిరిగి అడిగాడు. నేను తల ఊపాను. ఆయన లేచి మగ్గం గుంతలోకి దిగి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పోగు నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు గాని చాలాసేపు అది కదల్లేదు. ఆయన భార్య చెంగుతో ముఖం తుడుచుకుని, "మజ్జిగ ఇంగొంచెం పొయ్యనా అన్నా?" అని మైకుసెట్టాయన్ను అడిగింది. ఆయన గ్లాసు చాపాడు.

అక్కడినుంచి నేరుగా షావుకారు ఇంటికి పోయి నేనే చెప్పాను. ఆయన కోపంతో నాకు డిజైన్లు ఆపేశాడు. నారాయణప్పకు మాత్రం ఆ వారంలోనే జాకార్డు పని తిరిగిచ్చాడు. శ్రావణం దగ్గరపడ్డాక షావుకారే నా గడప దగ్గరికొచ్చి, "ఇప్పుడన్నా చుక్కలు ల్యావు గదా?" అని అడిగాడు. లేవన్నాను. ధైర్యంగానే అన్నాను, ఎందుకంటే అప్పటికి హీట్‌సింకుల పని, అంటే చిప్పులకు ఆ అల్యూమినియం రెక్కలు అంటించే పని, అయిపోయింది.

ఆ పని మైకుసెట్టాయన చేస్తుంటే చూడాలి. ఆంప్లిఫయరు దిమ్మెను బల్లకున్న వైసులో బిగించి, హాక్సా బ్లేడుతో గోరంత గోరంత ముక్కలు కోశాడు. ప్రతి ముక్కకీ నాలుగు చిన్న రెక్కలు. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, ఒక్కో ముక్క అడుగు భాగాన్ని గుండ్రంగా తిప్పుతూ అద్దంలా అరగదీశాడు. "అడుగు సమంగా లేకపోతే నడుమ గాలి ఉంటాది. గాలి వేడిని పోనీదు" అన్నాడు. చిప్పుల మీద రెండు వైపులా అంటుకునే టేపు వేసి ముక్కలు అతికించాడు. ఎనిమిదీ వరుసగా నిలబడితే ఇద్దరం ముచ్చటపడి చూశాం.

మూడో రోజు మధ్యాహ్నం పెట్టెలో టక్కుమని శబ్దమైంది. నేను తీగ లాగేశాను. కార్డు పెట్టెలో బోర్లా ఉంటుంది, చిప్పులు కిందికి చూస్తుంటాయి. వేడికి టేపు జిగురు కరిగి ఒక ముక్క జారి పడిపోయింది. ఇంకో అంగుళం పక్కన పడి రెండు తీగల్ని కలిపి ఉంటే కార్డే కాలిపోయేది. కబురు పెడితే మోపెడ్ మీద వచ్చి ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"నా తప్పుమా. టేపును నమ్మినా. బరువు గూడా ఎక్కువ పెట్టినా" అన్నాడు. ఇంకెవరైనా ఎండ మీదకో నా మీదకో తోసేసేవాళ్లు.

ఎనిమిదీ పీకేసి, రెక్కల ఎత్తు సగానికి కోసి తేలిక చేశాడు. ఈసారి చిప్పు నడుమ ఆంప్లిఫయర్లకు వాడే తెల్ల పేస్టు ఆవగింజంత, రెండు మూలల్లో గట్టి జిగురు చుక్క. జిగురు ఆరేదాకా కదలకుండా ముక్కల మీద బరువు కావాలన్నాడు. నేను పాత జాకెట్ గుడ్డతో వేలెడంత సంచులు కుట్టి రాగులు నింపి ఇచ్చాను. ఎనిమిది రాగుల సంచులు మోస్తూ ఆ కార్డు ఒక పగలంతా నా బల్ల మీద పడుకుంది. ఆ మే నెలలో, మిద్దెల మీద కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్న రోజుల్లో కూడా, నా తెర మీద ఒక్క చుక్క రాలేదు. నేనే వేలు పెట్టి అయిదు దాకా లెక్కపెట్టి మరీ నమ్మాను.

ఆ సంగతి తెలిసి ఫోటో స్టూడియోల వాళ్లు, నెట్ సెంటరు వాళ్లు వరసగట్టారు. రెండు ఎండాకాలాల్లో ఆయన అంగట్లో గోడ ఖాళీ అయింది. ఒకప్పుడు చుట్టుపక్కల జాతరలన్నిటా మోగిన ఆంప్లిఫయర్లు ముక్కలు ముక్కలై ఊళ్లోని కంప్యూటర్లలో చేరాయి. బాధ లేదా అన్నా అంటే, "ఊరికే మన్ను తింటాండె. ఇప్పుడు పనిజేస్తాండాయి" అన్నాడు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. తొలకరి చినుకు పడిందని తెలియగానే అంగడి మూసేసి వజ్రకరూరు పోయేవాడు. వాన కడిగిన చేలలో వజ్రాలు వెతికే వందమందిలో తనూ ఒకడై, నడుం వంచి, మూడు రోజులు నేల చూస్తూ తిరిగేవాడు. మెరిసే రాయి కనపడితే అందరూ ఎండకు పట్టి చూస్తారు. ఈయన పెదవికి ఆనించేవాడు.

"వజ్రం కన్నా బిర్న వేడిని లాగేది లోకంలో ల్యాదుమా. వెండి గూడా దాని ముందర దిగదుడుపే. అసలు రాయైతే పెదిమకు ఐసు పెట్టినట్టుంటాది."

"దొరికితే అమ్ముకుంటావా?"

"అమ్ముకోకుండా ఏం జేస్తా? కాకపోతే అమ్మేదానికి ముందర ఒగ దినం చిప్పు మింద పెట్టి సూస్తా. ఎంత చల్లబడతాదో సూడల్ల గదా."

నవ్వుతూ చెప్పినా అది నవ్వులాట కాదు. ఏటా తిరిగొచ్చి గులకరాళ్లు నాలుగు కిటికీలో పెట్టేవాడు. దొరకలేదన్న దిగులు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఎండలో తిరిగి నల్లబడి, జొన్నరొట్టెల మూట ఖాళీ చేసుకుని, పెళ్లికి పోయొచ్చినవాడిలా వచ్చేవాడు.

తర్వాత తర్వాత కార్డుల మీద కంపెనీలవాళ్లే హీట్‌సింకులు వేసి పంపడం మొదలుపెట్టారు. ఆయనకు పని తగ్గింది. అంగడి సగం రోజే తెరిచేవాడు. ఒకరోజు పనేమీ లేకుండా నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు దీని వెనకాలే కూసున్యా. ముందర నువ్వేం జేస్తావో ఒగసారన్నా సూల్యా. నాకు నేర్పుమా" అన్నాడు.

కుర్చీ ఇచ్చాను. పెట్టె విప్పడంలో అంత నేర్పున్న చేతికి మౌసు లొంగలేదు. బల్ల మీద పురుగు పారిపోతున్నట్టు పట్టుకునేవాడు. భార్యకు కనకాంబరాలంటే ఇష్టమట. పెళ్లయిన నాటి నుంచి ఆమె తలలో అవి లేని రోజు లేదట. ఆమె చీరకు ఒక కనకాంబరం బుటా తనే గీస్తానన్నాడు. మూడు మధ్యాహ్నాలు, ఒక్కో గడీ నింపుతూ, గీశాడు. పువ్వు ఒక పక్కకు ఒరిగింది. రేకులు అయిదు ఉండాల్సింది ఆరు వచ్చాయి.

"సరిచేసిస్తా అన్నా, రెండు నిమిషాల పని" అన్నాను.

"వద్దు" అన్నాడు గట్టిగా. "నువ్వు ముట్టుకోవద్దు."

అట్టలు కొట్టించి నారాయణప్పకు ఇచ్చాం. ఆయన బుటా చూసి, నన్ను చూసి, మైకుసెట్టాయన్ను చూసి, ఆరు రేకులతోనే చీరంతా నేశాడు.

చీర దించిన రోజు నేను కూడా మైకుసెట్టాయన ఇంటికి పోయాను. ఆయన భార్య చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చీర ఒళ్లో పరుచుకుంది. గీసిందెవరో చెప్పకుండా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె ఒక పువ్వును వేలితో తడిమి, రేకులు లెక్కపెట్టి, పక్క పువ్వు చూసి, దాన్నీ లెక్కపెట్టింది.

"ఈ పువ్వు గీసినోడు ఎవడోగాని, పాపా, కనకాంబరాన్ని ఎప్పుడూ సూసినట్టు ల్యాడే" అని నాతో అంది. ఆ వెంటనే తలెత్తి ఆయన ముఖం చూసింది.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆగలేదు. చీరలో ముఖం పెట్టుకుని నవ్వుతూనే, "నలభై ఏండ్లు నా ఎనకాల నడిసినావు, ఎన్ని రేకులో సూసుకోల్యా?" అంది. ఆయన కూడా నవ్వాడు. తర్వాత ఆమె లోపలికి పోయి ఆ చీర కట్టుకుని వచ్చింది.